బాక్స్‌వుడ్: ఐసెలిన్ ఇళ్ల ముందు పచ్చని పొద

బాక్స్‌వుడ్ ఆకు రాల్చని అలంకరణ పొద. బక్సేసీ కుటుంబంలోని బక్సస్ ప్రజాతికి చెందింది. యూరప్, ఆసియా, ఆఫ్రికా, కరీబియన్ దీవులన్నీ కలిపి చూస్తే ఈ ప్రజాతిలో 70కి పైగా జాతులున్నాయి. ఇళ్ల ముందు పెంచుకునేవి మాత్రం ప్రధానంగా యూరప్‌కు చెందిన మామూలు బాక్స్‌వుడ్, అంటే బక్సస్ సెంపర్‌వైరెన్స్. జపాన్, కొరియాల నుంచి వచ్చిన చిన్నాకు రకాలూ పెంచుతారు. ఈ రెంటినీ కలిపి పుట్టించిన సంకరాలూ ఉన్నాయి. గోరంత దళసరి ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఏప్రిల్‌లో లేతపసుపు పూలు పూస్తుంది గానీ, వాటిని మనకంటే ముందు తేనెటీగలు చూస్తాయి. చాలా రకాలు ఏడాదికి కొన్ని అంగుళాలకు మించి పెరగవు. పువ్వు కోసం కాదు, ఆకు కోసం, ఆకారం కోసం పెంచే మొక్క ఇది.

న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలో, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో భాగం ఐసెలిన్. ఓక్ ట్రీ రోడ్డు మీది ఇండియన్ దుకాణాల వల్ల, మెట్రోపార్క్ రైల్వే స్టేషన్ వల్ల అమెరికా తెలుగువాళ్లలో ఈ పేరు వినని వాళ్లు తక్కువ. ఆ సందడి వదిలి పక్క వీధుల్లోకి తిరిగితే, రెండో ప్రపంచయుద్ధం తర్వాతి దశాబ్దాల్లో కట్టిన ఇళ్లు, వాటి కిటికీల కింద, గుమ్మానికి రెండు పక్కలా గుండ్రంగా కత్తిరించిన పొదలు కనిపిస్తాయి. వాటిలో బాక్స్‌వుడ్, యూ, జపనీస్ హాలీ ఎక్కువ. ఇల్లు కొన్న కుటుంబానికి ఈ పొదలు ఇంటితోపాటే వస్తాయి. గృహప్రవేశానికి మామిడాకుల తోరణం కట్టినవాళ్లకు గుమ్మం పక్కన ఉన్న మొక్క పేరు తెలియకపోవడం ఇక్కడ మామూలే.

మన ఊళ్లలో ఆకు రాల్చకపోవడం పెద్ద విశేషం కాదు. నందివర్ధనం, నూరువరహాలు, గన్నేరు, మందారం ఏవీ మోడువారవు. ఐసెలిన్‌లో అలా కాదు. నవంబరు సగం గడిచేసరికి మేపుల్ చెట్లు బోసిపోతాయి, ఓక్ చెట్లూ అదే దారి పడతాయి. మళ్లీ నిండుగా ఆకు చూడాలంటే ఏప్రిల్ చివరిదాకా ఆగాలి. ఆ అయిదు నెలలూ ఇంటి ముందు పచ్చగా ఉండేవి ఈ పొదలే. అందుకే అవి ఎండిపోతే ఇల్లంతా కళ తప్పినట్టు కనిపిస్తుంది.

ఎండిపోయినప్పుడు అందరూ ముందు చలిని తిట్టుకుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ పటంలో ఐసెలిన్ 7వ జోన్‌లో ఉంది. అంటే ఏడాదిలో అతి చలి రాత్రి ఉష్ణోగ్రత సగటున 0 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, మన లెక్కలో మైనస్ 18 నుంచి మైనస్ 12 సెల్సియస్ దాకా పడుతుంది. నర్సరీల్లో అమ్మే కొరియా సంకరాలు మైనస్ 20 ఫారెన్‌హీట్‌ను కూడా ఓర్చుకోగలవు. కాబట్టి ఇక్కడ బాక్స్‌వుడ్‌ను ఒట్టి చలి చంపడం అరుదు. నీరు నిలిచే మట్టి, శీతకాలపు ఎండుగాలి, రోడ్డు ఉప్పు, అడ్డూ ఆపూ లేని కత్తెర కలిసి చంపుతాయి. వీటిలో గాలి తప్ప తక్కినవన్నీ మన చేతిలో ఉన్నవే.

వచ్చిన దారి, రకాలు

రోమన్ల తోటల్లోనే బాక్స్‌వుడ్‌ను రకరకాల ఆకారాల్లో కత్తిరించేవారు. నీళ్లలో మునిగేంత బరువైన దీని కలపను దువ్వెనలకు, స్కేళ్లకు, వేణువులకు, ముద్రణలో వాడే చెక్క దిమ్మెలకు వాడారు. అమెరికాలో మొదటి బాక్స్‌వుడ్‌ను 1650ల ప్రాంతంలో, న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ కొసన ఉన్న షెల్టర్ ఐలాండ్‌లో, సిల్వెస్టర్ మేనర్ అనే ఎస్టేట్‌లో నాటారని ఉద్యాన చరిత్రలు చెబుతాయి. తర్వాత వర్జీనియా, మేరీల్యాండ్‌లలోని వలసకాలపు తోటలకు అది గుర్తుగా నిలిచింది. అమెరికన్ బాక్స్‌వుడ్ సొసైటీ కూడా 1961లో వర్జీనియాలోనే ఏర్పడింది.

ఈ పాత తోటల్లో అంచులు కట్టడానికి వాడిన పొట్టి రకాన్ని ఇక్కడ ఇంగ్లిష్ బాక్స్‌వుడ్ అంటారు. మబ్బు తునకల్లా పెరిగి చూడముచ్చటగా ఉంటుంది. ఐసెలిన్‌లో కొత్తగా నాటేవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయడం కష్టం. ఈ మధ్య వచ్చిన ఎండు తెగులుకు మొదట బలయ్యేది ఇదే.

కొరియా రకాల చలి ఓర్పును, యూరప్ రకాల ముదురాకుపచ్చను ఒకే మొక్కలోకి తెచ్చింది కెనడాలోని ఒంటారియోకు చెందిన షెరిడాన్ నర్సరీస్. గ్రీన్ వెల్వెట్, గ్రీన్ జెమ్, గ్రీన్ మౌంటెన్ అక్కడివే. గ్రీన్ వెల్వెట్ మూడడుగుల గుండ్రని పొద, కిటికీ కిందికి సరిపోతుంది. గ్రీన్ జెమ్ ఇంకా పొట్టిది, నడకదారి అంచుకు వేసుకోవచ్చు. గ్రీన్ మౌంటెన్ గోపురంలా నాలుగైదు అడుగులు లేస్తుంది కాబట్టి గుమ్మానికి రెండు పక్కలా నిలబెడతారు. వార్డర్ వ్యాలీ అనే రకానిది వేరే కథ. ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త 1934లో బాల్కన్ ప్రాంతంలోని వార్డర్ నది లోయ నుంచి దాన్ని తెచ్చారు. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్ దాన్ని ఏళ్ల తరబడి పరీక్షించాకే బయటికి విడుదల చేసింది. ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా, చదునుగా పెరుగుతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది మొక్క ఇవాళ ఎంత ఉందని కాదు, పదేళ్లకు ఎంతవుతుందని. కుండీకి వేలాడే చీటీ మీద ఆ కొలత రాసి ఉంటుంది. అయిదడుగులు పెరిగే రకాన్ని మూడడుగుల కిటికీ కింద పెట్టిన వాళ్లు జీవితాంతం దాన్ని కత్తిరిస్తూనే ఉండాలి. మొక్క పడే కష్టాల్లో సగం అక్కడే మొదలవుతాయి.

మట్టి, నాటడం

వుడ్‌బ్రిడ్జ్ ప్రాంతం ఒకప్పుడు బంకమట్టికి పేరు మోసింది. ఇటుకలు, టెర్రకోట, కొలిమి ఇటుకల పరిశ్రమలు ఇక్కడ ఆ మట్టి మీదే బతికాయి. రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ కుక్ 1878లో వుడ్‌బ్రిడ్జ్, సౌత్ ఆంబాయ్ బంకమట్టి నిక్షేపాల మీద ఓ పెద్ద నివేదికే వెలువరించారు. టౌన్‌షిప్ అంతా ఒకే మట్టి కాదు. కానీ ఇల్లు కట్టినప్పుడు పునాది తవ్వి పోసిన అడుగు మట్టి గోడల పక్కనే మిగిలిపోవడం మామూలు, సరిగ్గా అక్కడే పొదలు నాటుతారు. బాక్స్‌వుడ్ వేళ్లు లోతుకు పోవు. పైపై పొరలోనే పాకుతాయి, వాటికి తేమతోపాటు గాలి కూడా కావాలి. బంకమట్టిలో నీరు నిలిస్తే ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్లు పట్టుకుంటుంది. ఆకులు ముందు పసుపు తిరుగుతాయి, తర్వాత ఎండుగడ్డి రంగుకు దిగుతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తే మొక్క ఇంకా తొందరగా పోతుంది.

నాటే ముందు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లతో నింపి, అవి ఇంకాక మళ్లీ నింపాలి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచే ఉంటే అది బాక్స్‌వుడ్‌కు తగిన చోటు కాదు. ఇంటి కప్పు మీది నీరు దిగే డౌన్‌స్పౌట్ గొట్టం నోరు పొద మొదట్లోకే తెరుచుకుని ఉందేమో కూడా చూసుకోవాలి. ఏడాదికి 45 నుంచి 50 అంగుళాల దాకా వాన, మంచు కురిసే ప్రాంతమిది. ఆ గొట్టాన్ని నాలుగడుగులు పక్కకు పొడిగిస్తే బతికే మొక్కలు చాలా ఉన్నాయి.

మట్టి పీహెచ్ 6.5కు, 7.2కు మధ్య ఉంటే బాక్స్‌వుడ్‌కు హాయి. మధ్య న్యూజెర్సీ మట్టి సహజంగా అంతకంటే ఆమ్లగుణం కలది. ఎంత సున్నం వేయాలో ఊహించడం కంటే, న్యూబ్రున్స్‌విక్‌లో ఉన్న రట్జర్స్ విశ్వవిద్యాలయం మట్టి పరీక్షా కేంద్రానికి నమూనా పంపడం మేలు. కొద్దిపాటి రుసుముతో పీహెచ్, పోషకాల లెక్కలు, వేయాల్సిన మోతాదు రాసి పంపుతారు.

నాటడానికి మంచి అదను సెప్టెంబరు మొదలు అక్టోబరు సగం దాకా. పైన ఎండ తగ్గి, మట్టి ఇంకా వెచ్చగా ఉండే ఆ వారాల్లో వేళ్లు బాగా పాకుతాయి. ఏప్రిల్, మే నెలలూ ఫరవాలేదు గానీ మొదటి వేసవికి నీళ్ల మీద కన్నేసి ఉంచాలి. పలుగు దింపే ముందు 811కు ఫోన్ చేయడం న్యూజెర్సీలో చట్టం. కనీసం మూడు పనిదినాల ముందు చెబితే భూమిలోని గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గుర్తు పెట్టి వెళతారు, డబ్బేమీ తీసుకోరు. ఒక్క మొక్కకి ఇదంతా ఎందుకనిపిస్తుంది. కానీ పొదలు నాటేది పునాది పక్కన, లైన్లు ఇంట్లోకి వచ్చేదీ అక్కడినుంచే.

గొయ్యి మట్టిముద్దకు రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దకంటే తక్కువే ఉండాలి. నాటాక మట్టిముద్ద పైభాగం నేలకంటే ఒక అంగుళమో రెండో పైకి కనిపించాలి. బంకమట్టిలో ఈ రెండంగుళాల ఎత్తే ప్రాణరక్షణ. గోనెగుడ్డ చుట్టి వచ్చిన మొక్కైతే తాళ్లూ, పై గుడ్డా కోసి తీసేయాలి. కుండీలో వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే చాకుతో నిలువుగా మూడు నాలుగు గాట్లు పెట్టి విప్పాలి. గోడకూ పొదకూ మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచాలి.

పైన మల్చ్, అంటే చెక్కపొట్టు, రెండంగుళాల మందాన పరిచి, కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల దూరం వదలాలి. ఈ ఊళ్లో ప్రతి వసంతంలో పాతదాని మీదే కొత్త మల్చ్ పోసి, కాండం చుట్టూ పుట్టలా పేర్చేస్తారు. ఆ పుట్టలో కాండం బెరడు నాని కుళ్లుతుంది, వేళ్లు మట్టి వదిలి మల్చ్‌లోకి పాకి, మొదటి ఎండకే మాడిపోతాయి. పాత మల్చ్ ఉంటే రేక్‌తో కదిపితే చాలు, ప్రతి ఏడూ కొత్తది కొననక్కర్లేదు.

శీతకాలం

మొదటి రెండేళ్లూ వానతో కలిపి వారానికి అంగుళం నీరు అందాలి. చాలామంది అక్టోబరులో గొట్టం చుట్టి గరాజ్‌లో పెట్టేసి ఆ మాట మరిచిపోతారు. నేల గడ్డకట్టే ముందు, నవంబరు చివర్లో ఒకసారి లోతుగా తడపడం ఏడాది మొత్తంలోకీ ముఖ్యమైన నీరు.

కారణమిది. జనవరిలో ఎండ కాసి గాలి వీచే రోజున ఆకులు నీటిని వదులుతూనే ఉంటాయి. గడ్డకట్టిన మట్టిలోంచి వేళ్లు నీరు తోడలేవు. దాంతో గాలి తగిలే పక్క, సాధారణంగా వాయవ్యం వైపు, ఆకులు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. ఇది చలి వల్ల చావు కాదు, దాహం వల్ల చావు. గాలి వాటున ఉన్న పొదలకు డిసెంబరులో మూడు కర్రలు పాతి గోనెగుడ్డ అడ్డం కడితే చాలు. ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పకూడదు, ఎండకు లోపల ఉడికిపోతుంది. ఆకు మొత్తం ఒకే తీరున ఇటుకరంగుకు తిరిగితే కంగారు పడనక్కర్లేదు. కొన్ని రకాలకు ఎండపొడలో అది సహజం, ఏప్రిల్‌లో మళ్లీ పచ్చబడతాయి. కొమ్మ చచ్చిందో బతికుందో తేల్చుకోవాలంటే గోటితో బెరడు కాస్త గీకి చూడాలి. కింద పచ్చగా ఉంటే అది బతికే ఉంది. మే నెలాఖరు దాకా ఆగకుండా కత్తెర పట్టకూడదు.

డ్రైవ్‌వే, సైడ్‌వాక్ మీద చల్లే ఉప్పు రెండు విధాల దెబ్బ తీస్తుంది. పారతో ఎత్తిపోసిన మంచుతోపాటు పొద మీద పడి ఆకును మాడుస్తుంది. కరిగి మట్టిలోకి దిగి వేళ్లకు నీరందకుండా చేస్తుంది. పొద వైపు మంచు ఎత్తిపోయకపోవడం, ఉప్పుకు బదులు ఇసుకో, కాల్షియం మెగ్నీషియం ఎసిటేటో వాడడం, మార్చిలో ఒకసారి నీళ్లతో మట్టిని బాగా కడగడం దీనికి మందు. మంచు బరువుకు పొద నడిమికి చీలిపోతుంటే చీపురుతో కిందినుంచి పైకి నెమ్మదిగా లేపి దులపాలి. పైనుంచి కొడితే కొమ్మలు విరుగుతాయి. మంచు గడ్డకట్టి అంటుకుపోతే దాని జోలికి వెళ్లకుండా కరగనివ్వాలి. దీపావళికి పొదల మీద పరిచిన దీపాల వలను క్రిస్మస్ దాటాక కూడా అలాగే ఉంచే అలవాటు మనవాళ్లలో ఉంది. ఆ వల మంచును పట్టి ఉంచి బరువు పెంచుతుంది.

కత్తెర

ల్యాండ్‌స్కేపర్ల బృందం కరెంటు కత్తెరతో వస్తుంది, పది నిమిషాల్లో పొదను బంతిలా చేసి వెళుతుంది. అలా ఏడాదికి రెండుసార్లు, పదేళ్లు సాగిన పొదను చేతులతో విడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన రెండంగుళాల మందాన ఆకుల పెంకు. దాని లోపల ఒక్క ఆకు లేని ఎండు పుల్లలు, వాటి మధ్య ఏళ్లనాటి రాలుటాకు, తడి వాసన. పైపెంకు వెలుతురును, గాలిని లోపలికి రానివ్వదు కాబట్టి లోపలి కొమ్మలు చిగురించడం మానేస్తాయి. ఒక చోట పెంకు పగిలితే ఆ బొక్క పూడడానికి ఏళ్లు పడుతుంది. లోపల ఆరని తడి తెగుళ్లకు అనువుగా ఉంటుంది.

దీనికి పాతకాలపు విరుగుడు పొదను పలచన చేయడం. చలికాలం చివర, మంచు లేని రోజున, చేతి కత్తెరతో అక్కడక్కడా ఆరేసి అంగుళాల రెమ్మలు లోపలికంటా పోయి తుంచాలి. పని అయ్యేసరికి పొదలోకి చూస్తే నేల మీద వెలుగు మరకలు కనిపించాలి. పైన ఆకారం పెద్దగా మారదు. వేసవికల్లా లోపలి పుల్లల మీద చిగుళ్లు లేస్తాయి. బంతి ఆకారమే కావాలనుకుంటే కొత్త చిగురు ముదిరాక జూన్‌లో ఒకసారి తేలిగ్గా దిద్దవచ్చు. ఆగస్టు తర్వాత కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వచ్చి అవి ముదిరేలోపే చలికి మాడిపోతాయి. ఎరువు సంగతీ అంతే: తొలి వసంతంలో కొద్దిగా, వేసవి ముగిశాక వద్దు.

పురుగులు, తెగుళ్లు

ఆకు తొలిచే పురుగు ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. ఆకు అడుగున బొబ్బల్లాంటి ఉబ్బులుంటే, అలాంటి ఆకొకటి కోసి వెలుతురుకు అడ్డంపెట్టి, గోటితో రెండు పొరలూ విడదీయాలి. మధ్యలో పసుపురంగు బుల్లి పురుగులు కదులుతూ కనిపిస్తాయి. చలికాలమంతా ఆ రెండు పొరల మధ్యే గడిపి, మే నెలలో వీజీలా పొదలు పూసే రోజుల్లో నారింజరంగు ఈగలై బయటికి వస్తాయి, రెండు వారాలు పొద చుట్టూ తిరిగి కొత్త ఆకుల్లో గుడ్లు పెడతాయి. ఏప్రిల్ చివర్లోనే పురుగున్న రెమ్మల కొసలు కత్తిరించి చెత్తలో వేస్తే మందు అవసరం చాలావరకు తప్పుతుంది. కంపోస్టులో వేయకూడదు.

ఎండు తెగులు అంతకంటే ప్రమాదం. కాలొనెక్ట్రియా అనే శిలీంధ్రం తెచ్చే ఈ తెగులు 1990ల మధ్యలో ఇంగ్లండ్‌లో బయటపడింది, 2011లో అమెరికాలో కనెక్టికట్, నార్త్ కరొలైనాలలో కనిపించి, తర్వాత న్యూజెర్సీతో సహా అనేక రాష్ట్రాలకు పాకింది. ఆకుల మీద ముదురు మచ్చలు, లేత కొమ్మల మీద నల్లటి చారలు, కొద్ది రోజుల్లోనే జలజలా ఆకు రాలడం దీని లక్షణాలు. బంకలాంటి సిద్ధబీజాలు నీటి చిందులతో, కత్తెరలతో, చేతి తొడుగులతో ఒక పెరటి నుంచి మరో పెరటికి చేరతాయి. రాలిన ఆకుల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. బాక్స్‌వుడ్ కిందే నేలను కప్పడానికి నాటే పాకిసాండ్రా కూడా ఈ తెగులును మోస్తుంది, ఐసెలిన్ నీడపట్టుల్లో ఆ జంటే ఎక్కువ. వీధిలో పదిళ్లకు ఒకే బృందం పనిచేస్తుంటే, మీ ఇంటి పొద ముట్టుకునే ముందు కత్తెరలు స్పిరిట్‌తో తుడవమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అనుమానం వస్తే నమూనాను రట్జర్స్ మొక్కల తెగుళ్ల నిర్ధారణ ప్రయోగశాలకు పంపవచ్చు. వొలుటెల్లా అనే మరో తెగులుకు ఆకుల అడుగున గులాబీరంగు పొడి కనిపిస్తుంది. అది బలహీనపడ్డ మొక్కనే పట్టుకుంటుంది.

కొత్తగా దిగిన శత్రువు బాక్స్ ట్రీ మాత్. తూర్పు ఆసియాకు చెందిన ఈ చిమ్మట 2018లో టొరంటోలో, 2021లో న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా కౌంటీలో కనిపించింది. నల్ల తల, ఆకుపచ్చ ఒంటి మీద నల్లచారలున్న గొంగళి పురుగు, దాని చుట్టూ సాలెగూడు లాంటి దారాలు కనబడితే రాష్ట్ర వ్యవసాయ శాఖకు తెలపాలి.

జింకలతో మాత్రం గొడవ లేదు. ఆకులోని ఆల్కలాయిడ్ల చేదు వల్ల అవి ముట్టుకోవు. జింకల బెడదను బట్టి రట్జర్స్ వేసిన మొక్కల పట్టికలో బాక్స్‌వుడ్ అరుదుగా దెబ్బతినే వర్గంలో ఉంది. పక్కనే ఉన్న యూను అవి మోడు చేసి వదులుతాయి. ఆ చేదే విషం కూడా కాబట్టి పెంపుడు జంతువులు, పసిపిల్లలు నమలకుండా చూసుకోవాలి.

కుదరని చోట

నీరు నిలిచే మూలకు బాక్స్‌వుడ్ బదులు ఇంక్‌బెర్రీ వేసుకోవడం తెలివైన పని. హాలీ కుటుంబానికి చెందిన ఈ పొద న్యూజెర్సీ తీరమైదానపు సొంత మొక్క. తడినీ, ఆమ్లపు మట్టినీ ఇష్టపడుతుంది. దూరం నుంచి చూస్తే తేడా పట్టడం కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ కింది కొమ్మలు బోసిపోవడం దాని లోపం, షామ్‌రాక్ అనే రకం ఈ విషయంలో కాస్త నయం.

నందివర్ధనం, గన్నేరు లాంటి మన పొదలు ఐసెలిన్ నేలలో శీతకాలం దాటవు. కుండీల్లోనే పెంచి, రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్‌కు దిగే రోజుల్లో, అంటే అక్టోబరు మొదట్లోనే లోపలికి తేవాలి. నందివర్ధనానికి దక్షిణపు కిటికీ వెలుతురు కావాలి. గన్నేరు చల్లని గరాజ్‌లోనూ, నీళ్లు తగ్గిస్తే, కునుకు తీసినట్టు ఉండిపోతుంది. దాని పాలూ ఆకూ గుండెకు విషమన్న సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మళ్లీ మే నెల సగం దాటాక, వారం పదిరోజులు నీడలో అలవాటు చేసి ఎండలోకి మార్చాలి.

బాక్స్‌వుడ్‌ను కొమ్మ నాటి పెంచుకోవచ్చు. జూలై, ఆగస్టుల్లో ఆ ఏటి రెమ్మను నాలుగంగుళాల పొడవున తుంచి, కింది ఆకులు తీసి, ఇసుక, పెర్లైట్ కలిపిన కుండీలో గుచ్చి నీడన తడిగా ఉంచితే రెండు మూడు నెలల్లో వేళ్లు పడతాయి. పక్కింటివాళ్లను అడిగి కొమ్మ తెచ్చుకోవడం మనకున్న అలవాటే. తెచ్చే ముందు ఆ పొద కింద రాలిన ఆకులు తిరగేసి మచ్చలున్నాయేమో చూడాలి. తెచ్చాక కూడా ఓ నెలరోజులు తక్కిన పొదలకు దూరంగా ఉంచాలి. కుండీ మొక్కగా అడుగు ఎత్తుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నర్సరీలో బాక్స్‌వుడ్ ధర చూసి ముక్కున వేలేసుకునేవాళ్లకు అక్కడ లెక్క తేలుతుంది.